సమాధుల సన్నిధిని సంగీతము

విజయపురి సౌత్‌లో నివసించువానికి సంగీతము వినవలెనన్న కోరిక కలిగినచో మొదట చేయవలసిన పని బస్సెక్కుట. ఇక్ష్వాకులు ఈ సీమ నేలిన కాలమున ఇచ్చటి పౌరులకు అట్టి శ్రమ లేకుండెను. నాటి విజయపురిలో మెట్లుమెట్లుగా అమర్చిన ప్రేక్షాగారమొకటి యుండెననుటకు, జలాశయగర్భమున మునుగకుండ పురాతత్త్వశాఖవారు అనుపులో పునర్నిర్మించిన కట్టడమే సాక్షి. నడుమ నిలిచి మెల్లగ పలికిన మాటయు పైమెట్టున కూర్చున్నవాని చెవిని పడునని చెప్పగా విని, చూడవచ్చిన ప్రతివాడును అచ్చట ఒక్కపరి చప్పట్లు చరచి పరీక్షించి, తృప్తిపడి, లాంచీ వేళ మించునని పరుగిడును. మా ఊరో, 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరు ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన పిమ్మట పెరిగిన కాలనీ; పాట కట్టి ఏటేట తలచుకొనదగిన పూర్వులు ఇంకను ఇచ్చట లేరు. అట్టివారు లేని చోట సంగీతోత్సవము పుట్టదని నా నమ్మకము.

ఈ నమ్మకమునకు చెన్నపురి ప్రత్యుదాహరణమని మిత్రులు వాదింతురు. 1927లో కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన అఖిలభారత సంగీత సమ్మేళనమునుండి సంగీత అకాడమీ పుట్టినది. ఆ అకాడమీ పెంచిన డిసెంబరు కచ్చేరీల ఋతువునకు నేడు ఖండాంతరములనుండి రసికులు వచ్చుచున్నారు. గొప్ప విద్వాంసులను వరుసగా వినవలెనన్న అంతకు మించిన చోటు లేదు, కాదనను. కాని అచ్చటి పాట శ్రోత కొరకు పాడబడునది. శ్రోతయో, మృదంగవిద్వాంసుడు తనియావర్తనము మొదలిడగానే క్యాంటీనుకు లేచి పోవును. దూరప్రయాణము చేసి వినదగిన పాట, కూర్చున్నవాని కొరకు కాక, లేనివాని కొరకు పాడబడు పాట.

దేశము నలుమూలల చూచినను ఇదియే కానవచ్చును. గ్వాలియరులో తాన్‌సేన్ పేరిట జరుగు సమారోహమునకు ఆయన గోరీయే గద్దె. ఆ చెంతనున్న చింతచెట్టు ఆకు నమిలినచో కంఠము తేటపడునని గాయకులు నమ్ముదురు. (చింతాకునకు లోటులేని మన పల్నాటిలో తాన్‌సేనులు ఇంతవరకు పుట్టకపోవుట చింత్యమే.) జలంధరులో హరివల్లభస్వామి 1875లో తన గురువు తులజాగిరి సమాధికడ ప్రారంభించిన సమ్మేళనము పంజాబు చలిలో నేటికిని సాగుచున్నది. అజ్మీరు ఉర్సు మాట చెప్పనే అక్కరలేదు.

ఇక తిరువయ్యారు. 1847లో పుష్యబహుళ పంచమినాడు త్యాగరాజస్వామి సిద్ధిపొందిన ఆ కావేరీతీరము, తంజావూరినుండి గడియప్రయాణములో నున్నది. ఆయన ఇంటిపేరు కాకర్ల; ఆ పేరుగల గ్రామము మనకు దవ్వు గాని కంభము ప్రాంతమున నేటికిని కలదు, పూర్వులు అచ్చటివారే అందురు. ఆరాధనదినమున ముందుగా వేణువుపై భైరవి పలుకును. పిదప నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగముల పంచరత్నములను వందలమంది విద్వాంసులు, ఇంటిలో తెలుగు మాటాడని వారే పెక్కురు, ఏకకంఠముగా ఎత్తుకొందురు. అంతమంది కూడి పాడునప్పుడు శ్రుతి అక్కడక్కడ చెదరుట సహజము; చిట్టస్వరములలో వెనుకబడినవారును, ముందుకురికినవారును ఉందురు. విమర్శకులు దీనిని ఎత్తిచూపుచుందురు. గొంతులు కలియుటకై వచ్చిన చోట గొంతు నాణెము చూచుట, పెండ్లిపందిట వంటవాని జాతకమడుగుటవంటిది.

ఈ సమాధికి నేటి రూపమిచ్చినది బెంగుళూరు నాగరత్నమ్మ. శిథిలమైయున్న స్థలమును వెదకి కొని, తన కచ్చేరీల సంపాదనతో ఆలయము కట్టించి, ప్రతిష్ఠ జరిపించినది. అంత చేసిన ఆమెకే అచ్చట పాడు హక్కు లేదనిరి! విద్వాంసులు పెద్దకక్షి, చిన్నకక్షి అని రెండుగా చీలి, ఉత్సవము ఎవరిదని పోరాడుచుండిరి గాని, స్త్రీలు స్వామిసన్నిధిని పాడరాదనుటలో మాత్రము వారికి ఐకమత్యమే. ఆమె వెనుదీయలేదు. స్త్రీలను కూడగట్టి మూడవ కక్షిని నిలిపినది. తుదకు 1940 ప్రాంతమున మూడును ఒక్కటై, పంక్తిలో అందరికి చోటు దొరకినది. 1952లో కన్నుమూసిన ఆమె సమాధియు స్వామి కెదురుగనే యున్నది. తిరువయ్యారు వెళ్ళినవారు ఆవైపు తిరుగకయే మరలివత్తురేని, నా దృష్టిలో వారి యాత్ర సగమే.

మన పల్నాటి గాలియు ఆ కావేరిని సోకకపోలేదు. చిలకలూరిపేట నాదస్వరసంప్రదాయమున ఆదంసాహెబుగారి శుశ్రూష చేసిన షేక్ చినమౌలానా, పిదప తంజావూరుసీమ గురువులకడ బాణీ దిద్దుకొని, శ్రీరంగమున స్థిరపడి, తమిళదేశమునకే ఆ వాద్యమున ఆదర్శప్రాయుడైనాడు.

ఇంత తిరిగిన పిమ్మట మన వాకిటనున్న ఆరాధనమును గూర్చి చెప్పనిచో దోషము. పన్నెండవ శతాబ్దిలో గురజాల నలగామరాజునకును, మాచర్ల మలిదేవరాజునకును పొడమిన దాయాదివైరము కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున, ఇరువాగుల వీరులను హరించినది. ఏటేట కార్తిక అమావాస్యనుండి ఐదు దినములు ఆ వీరులకు అచ్చట ఆరాధన జరుగును: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఊరూరినుండి ఆచారవంతులు తమ వీరుల ఆయుధములైన కొణతములను ఎత్తుకొని వత్తురు. వీరవిద్యావంతులు కత్తి చేతబట్టి, పంబల మ్రోతకు అడుగు కదపుచు, అలరాజు రాయబారమును, లంకన్న తెగిపడుటను గానము చేయుదురు. కథకు మొదలైన కోడిపందెము ఉత్సవమున నాలుగవదినమునకు జరుగుటను క్రమభంగమని పండితులు శంకింతురేమో. కొణతము మోయువానికి ఆ శంక లేదు. మందపోరునాడు చాపకూడు. మలిదేవుని మంత్రి బ్రహ్మనాయుడు మాల వీరుడగు కన్నమదాసును కొడుకుగా చేకొని, సర్వకులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి పెట్టిన అన్నమది. ఇచ్చట పంక్తి తగవు ఎనిమిదివందల ఏండ్లనాడే తీరినదని గర్వింపవచ్చును గాని, వీరగాథను తరతరములుగా కాపాడిన గాయకులలో మాలలే పెక్కురైనను, మన పట్టణపు సభావేదికలపై వారికి చాప పరచినవారు అరుదు.

ఈ కథను శ్రీనాథుడు ద్విపదగా రచించెనని ప్రసిద్ధి; 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు దానిని అచ్చువేయించిరి. గాయకుల నోటిపాటను అమెరికా పండితుడు జీన్ రోగైర్ ఇచ్చటికి వచ్చి సేకరించి, ఆంగ్లమున రచించిన గ్రంథము 1982లో ఆక్స్‌ఫర్డువారి ముద్రగా వెలువడినది. మన సంగీతసభలవారు మాత్రము ఇది సంగీతమగునా కాదా అని ఇంకను యోచించుచున్నారు. శ్రుతిశుద్ధి తరచువాడు ఇచ్చట రెండు గడియలలో లేచిపోవును, పోనిండు. పంబ మ్రోగుచుండగా, తన ఊరి వీరుని పేరు పాటలో వినబడినంతనే జనసమ్మర్దములో ఒక ముదుసలి కొణతమును ఎత్తిపట్టుట చూచినవాడు, పాట ఎవరికొరకో వేరుగా అడుగడు.

కావున చదువరులారా, పుష్యమాసమున తిరువయ్యారునకు తప్పక పోవుడు. అంతకు ముందే వచ్చు కార్తిక అమావాస్యకు మాచర్లలో దిగి కారెంపూడి బస్సెక్కుడు. ఐదు దినములు చిక్కనివారు మందపోరునాటికైనను చేరి, ఆ చాపపై కూర్చుండి భుజించి, రాత్రి పాట విని, మరునాటి కోడిపోరు చూచి మరలవలెను.