బల్గేరియాలో మా సెలవుదినములు

ఆంధ్రులు జీవనార్థము సముద్రములు దాటుట క్రొత్త సంగతి కాదు. మనుష్యులకంటె ముందుగా మన చీరాల రుమాళ్లే దాటినవి. నూనెయు, ఆముదపు కాయల బూడిదయు కలిపిన నీటిలో నానిన నూలు ఎఱ్ఱని రంగు పట్టి, రుమాలై, అరబ్బు దేశములకు ఓడలెక్కి పోయెడిది. ఇప్పుడు ఆ రుమాళ్లు నేసినవారి మనుమలును మనుమరాండ్రును విమానము లెక్కుచున్నారు. అట్లు ఉద్యోగములకై బల్గేరియా రాజధానియగు సోఫియా నగరము చేరిన చీరాల కుటుంబము మాది. వారమున ఐదు దినములు పనికే చెల్లిపోవును. మిగిలిన రెండు దినములలో రైలునో బస్సునో పట్టుకొని మేము చూచివచ్చిన యూళ్లను గూర్చియు, అచటి యిల్లాండ్రను గూర్చియు సోదరీమణులకు నాలుగు మాటలు తెలుపుచున్నాము.

బల్గేరియా ఐరోపా ఖండమునకు ఆగ్నేయమున నున్న చిన్న దేశము. ఉత్తరమున డాన్యూబు నది, తూర్పున నల్లసముద్రము. నడుమ స్టారా ప్లానినా యను కొండలబారు దేశమును రెండుగా విభజించుచున్నది. దాదాపు 500 సంవత్సరములు తురుష్కుల యేలుబడిలో నుండి, 1878లో విముక్తి పొందినది. సోఫియా 1879లో రాజధాని యైనది. నగరమునకు దక్షిణమున విటోషా పర్వతము. నగరమధ్యముననే వేడినీటి యూటలు. ఉదయమున స్త్రీలు సీసాలు తెచ్చుకొని, కొళాయిల కడ వరుసగా నిలిచి, ఆ నీరు పట్టుకొని పోవుదురు. ఆ దృశ్యము చూచినప్పుడు పరదేశమున నున్నట్లు తోచదు.

ఈ జనులకు ఒక చిత్రమైన యలవాటు కలదు. ఔననుటకు తల అడ్డముగా ఊపుదురు. కాదనుటకు నిలువుగా ఊపుదురు. ఇతర ఐరోపావారు దీనితో తికమక పడుదురు. తల అటునిటు ఊపి సరేయనుట మన కలవాటే గనుక మాకు అంగళ్లలో చిక్కు కలుగలేదు.

మేము మొదట చూచిన యూరు ప్లోవ్‌డివ్. అది సోఫియాకు సుమారు 150 కిలోమీటర్ల దూరమున మరిత్సా నదీతీరమున నున్నది. రోమకులు కట్టిన రాతి నాటకశాల ఇప్పటికిని అచట నిలిచియున్నది. వేసవి రాత్రులలో నేటికిని అందు గానములు, నాటకములు జరుగును. పాత పేటలోని యిండ్ల పై అంతస్తులు వీథిమీదికి ముందుకు వంగియుండును. ఎదురెదురు కిటికీలనుండి ఇరుగుపొరుగు లిల్లు కదలకయే ముచ్చటించుకొనవచ్చును.

తరువాత కొప్రివ్‌ష్టిత్సా పోయితిమి. ఇది కొండల నడుమ, గొఱ్ఱెల ఉన్నితో ధనము గడించిన వర్తకులు కట్టుకొన్న యూరు. గోడలకు నీలము, ఎఱుపు, పసుపు రంగులు. లోపల చెక్కడపు పనిగల దారువు కప్పులు. తురుష్కులపై 1876 ఏప్రిలులో జరిగిన తిరుగుబాటు ఈ యూరనే మొదలైనది. ఊరి సంపన్నులు ధనమిచ్చి యిండ్లు దగ్ధము గాకుండ కాపాడుకొనిరని చెప్పుదురు. ఆ మాట వినగానే మాకు మన చీరాల తలపునకు వచ్చినది. 1921లో పురపాలక సంఘపు పన్నుల నొల్లక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట చీరాల పేరాల వాసులు ఇండ్లు విడిచి, రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి కాపురముండిరి. ఒక యూరివారు ఇండ్లు నిలుపుకొనిరి. ఒక యూరివారు మాట నిలుపుకొనుటకై ఇండ్లు విడిచిరి. రెండు చోట్లను పొయ్యి ఆరిపోకుండ చూచినవారు స్త్రీలే గదా!

మే నెల తుదిని కజాన్‌లిక్ లోయకు పోయినచో గులాబి తోటలు చూడవచ్చును. ఎండ యెక్కినచో పరిమళము తగ్గునని తెల్లవారుజాముననే పూలు కోయుదురు. కిలో తైలమునకు 3,000 కిలోలకు పైగా పూరేకులు కావలయును. నడుమునకు సంచి కట్టుకొని, ముండ్లనుండి చేయి తప్పించుకొనుచు వరుసవెంట సాగిపోవు కూలి స్త్రీలను చూడగా మన గుంటూరు సీమ మిరపచేలలోని కోతలే జ్ఞప్తికి వచ్చినవి. ఆ తైలము ఖరీదు విన్నవారు ఆ వ్రేళ్లను గూడ ఒకమారు చూడవలెను.

మిరప యనగా మరియొక ముచ్చట. అమెరికాలో పుట్టిన యీ పంట పోర్చుగీసువారివలన మనకును, తురుష్కులవలన వీరికిని వచ్చినది. వీరి మిరపకాయ పెద్దది, తియ్యనిది. కారము మిక్కిలి తక్కువ. శరదృతువున ఇంటింట పండుమిరపకాయలు కాల్చి, తొక్క ఒలిచి, టమాటాలతో ఉడికించి, చలికాలమునకై సీసాల కెత్తుదురు. దీనిని ల్యూతెనిత్సా యందురు. పేరునకు అర్థము కారమైనదనియే కాని, కొరివికారము తిన్న నాలుకకు అది జామువంటిది. పెరుగున దోసకాయ ముక్కలు, వెల్లుల్లి వేసి చేయు తరతోర్ మాత్రము మన పెరుగుపచ్చడికి సొంత చెల్లెలు. మాంసము ముట్టనివారు కూడ ఇచట పస్తుండ నక్కరలేదు.

గాబ్రొవో పట్టణము ఒకప్పుడు నేత మిల్లులచే బల్గేరియా మాంచెస్టరని పేరొందినది. దాని చెంత ఎతార్ అను ప్రదర్శనశాల 1964లో తెఱచిరి. అచట పూర్వపు చేతిపనులలో కొన్ని సెలయేటి నీటిబలముతో నడచుచున్నవి. నీటి సుడిలో ఉన్ని కంబళ్లు వాటంతటవే ఉదుకబడు తొట్టిని చూచి మేము చాలసేపు కదలలేకపోతిమి.

కాని మా మనసున నాటుకొన్న యూరు చిప్రోవ్‌త్సి. ఇది వాయవ్యమున సెర్బియా సరిహద్దు కొండల క్రింద నున్నది. ఇచటి తివాచీ నేతను 2014లో యునెస్కో మానవజాతి వారసత్వముగ గుర్తించినది. నేయువారు స్త్రీలే, తల్లి కూతునకు, అవ్వ మనుమరాలికి నేర్పుదురు. మగ్గము మనవలె గుంటలో నుండదు. గోడవలె నిలువుగ నుండును. నాడె లేదు. రంగు ఉన్నిని వ్రేళ్లతోనే పడుగులో దూర్చి, బరువైన దువ్వెనతో క్రిందికి కొట్టుదురు. తివాచీకి పైవైపు, అడుగువైపు అను భేదము లేదు.

ఒక వృద్ధురాలు మమ్ము కూర్చుండబెట్టి, మీ యింట నేత కలదాయని యడిగినది. మా అత్తగారు కండెలు చుట్టినవారే. కాని మగ్గపు గుంట పూడ్చి గచ్చు చేయించి చాల యేండ్లైనదని చెప్పితిమి. ఆమె కూతురును పరదేశముననే పని చేయుచున్నదట. "నేర్పి పంపితిని, మగ్గ ముంచితిని" అని మాత్రము ఆమె పలికినది. 1989 ప్రాంతమున దాదాపు 90 లక్షలున్న యీ దేశపు జనము 2021 లెక్కలలో 65 లక్షలకు దిగినది. బ్రతుకుదెరువునకై పోయినవారి యిండ్లు పల్లెలలో తాళములతో నున్నవి. జాండ్రపేటలో మూలబడిన మగ్గముల సంగతి తెలిసిన మాకు ఆ తాళముల భాష వేరుగ చెప్ప నక్కరలేదు.

పిల్లలు దేశాంతరము పోవుట ఎవరికిని ఆపతరము కాదు, ఆపనవసరమును లేదు. కాని పంపునప్పుడు ఆవకాయ జాడీతోపాటు ఇంటి చేతిపని నొకదానిని నేర్పి పంపవచ్చును. జాడీ ఆరు నెలలలో ఖాళీయగును. నేర్చిన పని మనుమల కాలమునకు గూడ మిగులును.