ఎముక గడువు, వాన గడువు

రొమ్ము తెరచి చేసిన శస్త్రచికిత్స తరువాత వైద్యులు విధించిన నియమములలో ఉప్పు తగ్గించుటను గాని, బీడీ మానుటను గాని మా అన్న పెద్ద కష్టముగా భావింపలేదు. కాని రొమ్ముటెముక గట్టిగా అతుకుకొను వరకు, అనగా ఇంచుమించు మూడు నెలలు, బిందెడు నీళ్ళయినను ఎత్తరాదన్న మాట, మృగశిర కార్తె ప్రవేశించి ఊరంతయు విత్తనపుకాయలు ఒలుచుకొనుచున్న దినములలో చెవిని బడుటచే, ఆయనకు బొత్తిగా సహింపరానిదయ్యెను.

నేను కాపురముండెడి క్లీవ్‌లాండ్ నగరమునకు ఈ చికిత్సతో చుట్టరిక మున్నది. రెనె ఫావలోరో అను అర్జెంటీనా శస్త్రవైద్యుడు 1967లో ఇచ్చటి క్లీవ్‌లాండ్ క్లినిక్కులోనే, కాలినుండి తీసిన సిరతో, పూడుకొనిపోయిన హృదయధమనికి ప్రక్కదారి వేసి, నేడు మా పల్లెలలో సైతము బైపాస్ అని చెప్పుకొనెడి పద్ధతికి ప్రాచుర్యము కల్పించినాడు. అంతకు పూర్వము ఆయన పన్నెండేండ్లపాటు లా పంపా ప్రాంతమున, వాన తక్కువైన మైదానములో, జసింతో అరౌజ్ అను చిన్న ఊరిలో రైతులకు నాడి చూచిన పల్లెవైద్యుడని చదివినది మొదలు, ఆ ఆసుపత్రి ముందుగా పోవునప్పుడెల్ల నాకు కళ్యాణదుర్గము దాపున నున్న మా చేను జ్ఞప్తికి రాక మానదు.

అన్నను ఇచ్చటికి పిలిపింప దలచితిని. "ఆడికొచ్చి నేనేం మాట్లాడేది, ఎవురితో మాట్లాడేది?" అని ఒక్క ముక్కలో త్రోసివేసి ఆయన పుట్టపర్తికే పోయెను. 1990 నవంబరులో తన పుట్టినరోజు సభలో సత్యసాయిబాబా ఏడాదిలోగా ఉచిత వైద్యాలయమును నిర్మింతునని ప్రకటించుటయు, కీత్ క్రిచ్‌లో అను ఆంగ్లేయాచార్యుని రూపకల్పనలో అది లేచి, 1991 నవంబరు 22న ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు చేతులమీదుగా ప్రారంభ మగుటయు నా తరమువారు ఎరిగిన సంగతులే. 2022లో జిల్లాను చీల్చినపుడు పుట్టపర్తి వేరొక జిల్లాకు ముఖ్యపట్టణమైనను, మా నోట నేటికిని అది అనంతపురమే. డబ్బు కట్టెడి కౌంటరు లేని ఆసుపత్రిలో నిలువబడుట నావంటి అమెరికా వాసికి కొంత వింతగానే యుండును. చేతికి అలవాటైన పని లేక జేబు తడుముకొందుము.

సెలవు పెట్టి పోయిన నేను అచ్చట చూచినదానిలో మరపునకు రానిది దగ్గు. రెండుగా కోసి ఉక్కుతీగెలతో కుట్టిన ఎముక కదలకుండ, రోగి దిండును గట్టిగా రొమ్మున కదుముకొని దగ్గవలెను. దగ్గకున్న ఊపిరితిత్తులలో కఫము నిలిచి జ్వరము వచ్చును. నలువది యేండ్లు మడక పట్టిన మనుష్యుడు దగ్గు వచ్చుచున్నదని తెలిసి దిండుకై చేయి చాచి తడుముకొనుచుండగా మా వదిన మొగము ప్రక్కకు త్రిప్పుకొనెడిది. మూడు గోళీలున్న ప్లాస్టిక్ పరికరములో గాలి లోనికి పీల్చి ఆ గోళీలను పైకెత్తవలెనని నర్సు చెప్పగా, మొదట ఒక్కటియు లేవలేదు. ప్రక్క మంచమునందలి కదిరి ఆసామి రెండు లేపెనని తెలిసిన మరునాటి ఉదయము మా అన్నయు రెండు లేపెను. రొమ్ము కన్న సిర తీసిన పిక్కయే ఎక్కువ నొచ్చుచున్నదని ఆయన పలుమారు చెప్పెను. గుండెజబ్బునకు కాలెందుకు కోసిరని చూడవచ్చిన బంధువు లడిగినపుడెల్ల విసుగులేకుండ వివరించెడి వాడు కూడ ఆయనయే.

ఇంటికి చేరిన పిమ్మట అసలు చిక్కు ఆరంభమయ్యెను. నడువుమని వైద్యుల యుత్తరువు. క్లీవ్‌లాండులో మా వీధి పెద్దాయన ఒకరు ఇదే చికిత్స తరువాత పునరావాస కేంద్రమునకు పోయి, రొమ్మునకు తీగెలు తగిలించుకొని ట్రెడ్‌మిల్ మీద వారమునకు మూడు పర్యాయములు నియమము తప్పక నడచినారు. మా అన్నను నడువుమన్న, "నడిసేకి పనేమన్నా ఉండాల కదా? ఉత్తపుణ్యానికి యాడికి నడిసేది?" అని ఎదురుప్రశ్న. పని లేకుండ అడుగు వేయుట ఆయన ఎరుగడు; ఉన్న పనిని చేయనీయరు.

మా పీఠభూమికి ఏటి సగటు వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరుతి మేఘములు ఆవలిప్రక్కనే కుమ్మరించి ఒట్టిగాలిగా మామీదుగా పోవును. ఈశాన్యము తూర్పుతీరమునకు పంచిపెట్టగా మిగిలినది మాకు విదిల్చును. ఎర్రనేల లోతు తక్కువ గావున, మంచి వాన కురిసినను కొద్ది దినములలోనే పదును ఆరిపోవును. ఆలోపల చెనక్కాయ విత్తినవాడే విత్తినట్లు. ఎముకయో, వారము ఆలస్యమైనను తొందరపడదు. డబ్బు పంపుటయు, పెద్ద డాక్టరుతో ఫోనులో మాట్లాడించుటయు సేవ యని నమ్మెడి మావంటి ప్రవాసులకు ఈ రెండు గడువుల నడుమ చేయదగిన దేమియు లేదు. పదునును డాలర్లతో నిలుపలేము.

పునర్వసు కార్తెలో వాన పడెను. నాకు రాత్రి ప్రొద్దుపోవుచుండగా, అచ్చట తెల్లవారిన తరువాత, మేనల్లుడు వాట్సాప్ వీడియోలో చేను చూపించెను. ఇరుగుపొరుగువారు ఎద్దులను, గొర్రును తెచ్చి కట్టిరి. వదిన గొర్రు వెంట నడచుచు జడ్డిగములో కదిరి ఆరు రకపు గింజలు విడుచుచుండెను. అన్న గెనిమ మీద కానుగచెట్టు క్రింద కూర్చుండవలెనని ఒప్పందము. కూర్చుండలేదు. ఆసుపత్రి దిండును చంకన పెట్టుకొని గెనిమ వెంబడి గొర్రుకు సమముగా ఈ కొసనుండి ఆ కొసకు పోవుచు, "లోతు పడతాంది రా, పైకెత్తు! కంది సాలు మరిస్తిరా?" అని కేక వేయుటయు, కేక వేసినందుకు దగ్గు వచ్చి దిండును అదుముకొనుటయు, మరల నడచుటయు. వైద్యులు కోరిన నడక అంతయు ఆ ఉదయమే తీరినట్లున్నది. కేకలు వలదని నేను ఫోనులో అరచితిని గాని మేనల్లుడు ఫోనును చేని వైపు త్రిప్పి యుంచెను.

ఆనాటినుండి రోజును చేను చూచివచ్చుట నియమమైనది. పంట చేతికి రావలసిన వేళకు ఎముక గడువును తీరియుండును. గడచిన ఆదివారము మాటాడుచు, "కట్టె పీకేకి నేనే దిగుతా, ఒప్పుకున్యారు" అని అన్న మిక్కిలి ధీమాగా చెప్పెను. డాక్టరు నిజముగా ఒప్పుకొనెనా అని వదిన నడిగితిని.

"డాక్టర్ని యాడ అడిగినాడు? ఈయప్పే ఒప్పుకున్యాడు" అని ఆమె ఫోను పెట్టివేసెను.