దాదికి స్నానం చేయించింది మా యాడే



మా తండాలో మనిషి పోతే పని బయటోళ్లకు అప్పజెప్పరు. పోయినేడు మా దాది పోయినప్పుడు వేడినీళ్లు కాచి స్నానం చేయించింది యాడి, మేనత్త. గాజులు రాకపోతే అత్త సబ్బు రాసి, బతికున్నప్పటి లెక్కనే "నొస్తుందా యాడీ" అనుకుంట మెల్లగ తీసింది. ఆడోళ్లు ధావ్లో ఎత్తుకున్నరు. ఏడుపే పాట అది, దాది బతుకంతా అందులోనే చెప్పిండ్రు. మాలో పెండ్లయినోళ్లను కాలుస్తరు, కానోళ్లను పూడుస్తరు. కట్టెలు బాపు వాళ్లు మోసిండ్రు, నీళ్లు నేను మోసిన. శవమంటే భయం ఆ రోజే పోయింది.

ఇగ మంఖాల్ సంగతి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008లో మొదలైంది. ఈ చుట్టుపక్కల పనులు చేసుకుంట కిరాయికుండే మనోళ్లు నాకే పది కుటుంబాలు తెలుసు. పోయిన్నెల అందులో ఒక పెద్దాయన దవాఖానలో చనిపోతే, ఇంటి ఓనర్ గేటు తియ్యలేదు. శవం పెడితే తర్వాత ఎవరూ కిరాయికి దిగరంట. చెడ్డోడు కాదు, పండక్కి సకినాలు పంపే మనిషే. రోడ్డు మీదే అంబులెన్స్ డోర్ తెరిచి, పెద్దమ్మ తడిగుడ్డతో మొహం తుడిచింది. స్నానం అంతే. తండా చేరేసరికి తెల్లారింది.

రూం మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి అడగాలంటే సీనియర్ అన్న నవ్విండు, "అట్లడిగితే రూమే ఇయ్యరు తమ్మీ" అని. నిజమే. అందుకే ఒక అర్జీ రాస్తున్న. నల్లా ఉన్న ఒక్క గది, ఒక్క పూట మనోళ్లను మనమే కడుక్కోనీకి. సంతకాలకు ఆదివారం వస్త, రూంల ఉండుండ్రి.