ఆధారం చూపాలి



ప్రతిసారీ ఏదో ఒక వ్యాధి గురించో, ఆహార నియమం గురించో ముచ్చటించుకుంటున్నాము. ఈసారి వ్యాధి గురించి కాక, వ్యాధుల గురించి మీరు చదివే సమాచారాన్ని వ్రాసేవారి గురించి చెప్పదలచాను. ఇదీ ఆరోగ్య విషయమే. ఈ రోజుల్లో రోగి వైద్యుని ముందు కూర్చునే సమయానికే తన జబ్బు గురించి ఫోనులో ఎంతో కొంత చదివి వస్తున్నాడు. "డాక్టరు గారూ, వికీపీడియాలో ఇలా ఉందండీ" అని నాకు చూపించినవారు చాలామంది. "అది ఎవరు వ్రాశారు బాబూ?" అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. కొన్నేళ్ల క్రితం వరకు నాకూ తెలియదు. తెలుసుకున్న తీరు చెబుతాను. అందులో నా తప్పులు రెండు ఉన్నాయి. వాటిని దాచితే ఈ వ్యాసానికి ప్రయోజనం లేదు.

మొదటి తప్పు 1980ల తొలినాళ్లది. అప్పుడు నేనొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాడిని. తొలకరి వానలు పడగానే వాంతులు, విరేచనాలతో పిల్లలు వరుసగా వచ్చేవారు. ఒక ఉదయం ఒక తల్లికి ఓ.ఆర్.ఎస్. పొట్లం చేతికిచ్చి, "నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా పట్టమ్మా" అన్నాను. ఎన్ని నీళ్లలో కలపాలో చెప్పలేదు. బయట వరుస పెద్దదిగా ఉంది. పొట్లం మీద అచ్చు వేసి ఉంది గానీ ఆమెకు చదువు రాదు. లీటరు నీటిలో కలపవలసిన పొట్లాన్ని ఆమె గ్లాసెడు నీళ్లలో కలిపి, రోజంతా ఓపికగా పట్టింది. మరునాడు బిడ్డను ఫిట్స్‌తో తీసుకువచ్చారు.

లీటరు పొట్లాన్ని 200 మిల్లీలీటర్లలో కలిపితే ఉప్పు గాఢత అయిదు రెట్లవుతుంది. నాటి పొట్లంతో అలా కలిపిన ద్రావణంలో లీటరుకు 450 మిల్లీమోల్‌ల సోడియం ఉంటుంది. మన రక్తంలో ఉండవలసినది 135 నుండి 145. అంటే మూడు రెట్లకు పైగా. ఇంచుమించు సముద్రపు నీటితో సమానం. రక్తంలో సోడియం అంతగా పెరిగితే మెదడు కణాలలోని నీరు బయటికి లాగబడుతుంది. అందువలన ఫిట్స్ వస్తాయి. ఆ బిడ్డను జీపులో పెద్దాసుపత్రికి చేర్చాము. దేవుడి దయ, అక్కడి వైద్యుల శ్రమ కలిసి వచ్చి బ్రతికాడు. ఆ తల్లి నన్ను పల్లెత్తు మాట అనలేదు. "మీరు చెప్పినట్టే పట్టానయ్యా" అని మాత్రం అన్నది. నిజమే, నేను చెప్పినట్టే పట్టింది.

పదవీ విరమణ తరువాత మనుమరాలు నాకు లేఖినిలో తెలుగు టైపు చేయడం నేర్పింది. తెలుగు వికీపీడియాలో ఎవరైనా వ్రాయవచ్చునని ఆమె చెప్పగానే నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ గ్లాసెడు నీళ్లే. ఓ.ఆర్.ఎస్. గురించి ఒక పెద్ద పేరా వ్రాసి భద్రపరిచాను. సాయంత్రానికి చూస్తే నా వాక్యాల చివర "ఆధారం చూపాలి" అన్న ముద్ర పడి ఉంది.

నాకు కోపం వచ్చిందని దాచను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన నన్ను ఆధారం అడిగేదెవరు? చర్చాపేజీలో ఆ మాటే కొంచెం ఘాటుగా వ్రాశాను. మరునాడు ఒక వాడుకరి నుండి జవాబు వచ్చింది. "డాక్టరు గారూ, మీ అనుభవాన్ని మేము శంకించడం లేదండీ. కానీ మీరు డాక్టరు అన్న సంగతి చదివేవారికి ఎలా తెలుస్తుంది? రేపు మరొకరు వచ్చి తామూ డాక్టరునేనని చెప్పి తప్పు వ్రాస్తే మేము ఎలా కాదనగలం? అందుకే మనిషిని కాక పుస్తకాన్ని అడుగుతాము." అతడు వైద్యుడు కాడని, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఈ పని చేసే యువకుడని తరువాత తెలిసింది. ఆ జవాబుకు నా దగ్గర ఎదురు సమాధానం లేకపోయింది.

సరేనని ఆధారాలు వెదకడం మొదలుపెట్టాను. ఈసారి పొట్లంలోని లవణాల లెక్క కూడా వ్రాశాను, లీటరుకు 90 మిల్లీమోల్‌ల సోడియం అని. ఆ సంఖ్య నాకు కంఠతా వచ్చు. ఆ రాత్రే అదే యువకుడు, "ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రంలో 75 అని ఉందండీ. నేను పొరబడ్డానేమో, ఒకసారి చూడగలరా?" అని వ్రాశాడు. చూశాను. పొరబడినది నేను. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత సూత్రాన్ని మార్చింది. సోడియం 90 నుండి 75కు, మొత్తం గాఢత 311 నుండి 245కు తగ్గాయి. ఇప్పటి పొట్లంలో లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు, వెరసి 20.5 గ్రాములు. ఆ మార్పు వచ్చే నాటికి నేను రోగుల మధ్య కాక దస్త్రాల మధ్య కూర్చున్నాను. నా జ్ఞాపకం పాత పుస్తకం దగ్గరే నిలిచిపోయింది. నా అనుభవాన్నే ప్రమాణంగా తీసుకుని ఆ యువకుడు ఊరకుండి ఉంటే, ఒక పాత లెక్క నా పేరు మీద చలామణి అయి ఉండేది.

ఇప్పుడు ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో చెబుతాను. వికీపీడియా 2001 జనవరి 15న ఆంగ్లంలో మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైంది. ఎవరూ జీతం తీసుకోరు. పాఠకుల విరాళాలతో నడిచే వికీమీడియా ఫౌండేషన్ యంత్రాంగాన్ని చూసుకుంటుంది; ఏ వ్యాసంలో ఏమి ఉండాలన్నది వాడుకరులే చర్చించుకుని తేల్చుకుంటారు. చిన్న వ్యాసాన్ని వారు ముద్దుగా 'మొలక' అంటారు. అందరూ కూడి మాట్లాడుకునే చోటికి 'రచ్చబండ' అని పేరు పెట్టుకున్నారు. మన పల్లెల్లో చెట్టు కింద పంచాయితీ జరిగినట్లే అక్కడా జరుగుతుంది; మాట పెరిగినప్పుడు పెద్దలు సర్దిచెబుతారు.

ప్రతి వ్యాసం పైన 'చరిత్ర' అనే మీట ఉంటుంది. అది నొక్కితే ఎవరు, ఏ తేదీన, ఏ సమయానికి, ఏ అక్షరం మార్చారో వరుసగా కనిపిస్తుంది. ఇది చూసినప్పుడు నాకు ఆసుపత్రి కేసుషీటు గుర్తుకు వచ్చింది. కేసుషీటులో తప్పు వ్రాస్తే దానిని చెరిపివేయకూడదు. ఒక్క గీత గీసి, పక్కన సరైనది వ్రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. తరువాత వచ్చే వైద్యుడికి తప్పూ కనబడాలి, దిద్దుబాటూ కనబడాలి. నేను వ్రాసిన 90 కూడా ఆ చరిత్రలో ఇప్పటికీ ఉంది. మొదట్లో సిగ్గుపడ్డాను. ఇప్పుడు అది అక్కడ ఉండడమే మంచిదనిపిస్తున్నది.

వైద్య వ్యాసాలకు ఆంగ్ల వికీపీడియాలో నియమాలు మరింత కఠినం. ఒక్క పరిశోధన ఫలితాన్ని పట్టుకుని వ్రాయడానికి ఒప్పుకోరు. అనేక పరిశోధనలను కలిపి తూచిన సమీక్షలు, ప్రామాణిక పాఠ్యగ్రంథాలు, గుర్తింపు పొందిన సంస్థల మార్గదర్శకాలు కావాలంటారు. కెనడాకు చెందిన అత్యవసర వైద్యుడు జేమ్స్ హైల్మన్ వంటివారు ఈ పనికి ఏళ్ల తరబడి సమయం ఇచ్చారు. ఆయన, సహ సంపాదకులు తీర్చిదిద్దిన డెంగీ వ్యాసం నిపుణుల పరిశీలనకు నిలిచి 2014లో 'ఓపెన్ మెడిసిన్' అనే వైద్య పత్రికలో సమీక్షా వ్యాసంగా అచ్చయింది. కోవిడ్ కాలంలో కేరళకు చెందిన డాక్టరు నేత హుస్సేన్ టీకాల భద్రత గురించి సరైన సమాచారం చేర్చే పనికి పూనుకున్నారు. 2020 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థే వికీమీడియాతో చేయి కలిపి, తన చిత్రాలను, వీడియోలను స్వేచ్ఛగా వాడుకోవడానికి ఇచ్చింది.

మరి తప్పులు ఉండవా అంటే, ఉంటాయి. 2005లో 'నేచర్' పత్రిక 42 విజ్ఞాన వ్యాసాలను నిపుణులకు ఇచ్చి పోల్చి చూపించింది. వ్యాసానికి సగటున వికీపీడియాలో నాలుగు, బ్రిటానికాలో మూడు దోషాలు కనబడ్డాయి. పెద్ద పేరున్న గ్రంథంలోనూ తప్పులు ఉన్నాయని కొందరు సంతోషించారు. నాకు అందులో కనబడిన పాఠం వేరు. ఏ పుస్తకమూ నిర్దోషం కాదు. దోషాన్ని ఎంత త్వరగా పట్టుకుని దిద్దగలమన్నదే ముఖ్యం. ఆంగ్లంలో వేల కళ్లు కాపలా కాస్తాయి. తెలుగులో ఆ చేతులు తక్కువ. వ్యాసాలు లక్ష దాటినా, వాటిని పాతబడకుండా చూసుకునే వైద్యులు బహు తక్కువ. ఇక్కడ ఒక తప్పు దొర్లితే అక్కడికంటే ఎక్కువ కాలం నిలిచిపోయే ప్రమాదం ఉంది.

మన భాషలో ఈ ఆశ కొత్తది కాదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' తలపెట్టి, అకారంతో మొదలయ్యే మాటలతోనే మూడు సంపుటాలు వెలువరించి, 1923లో కన్నుమూశారు. ఆయన కుమార్తె డాక్టరు అచ్చమాంబ గారు ప్రసూతి వైద్యురాలై, గర్భిణుల కోసం, పసిపిల్లల కోసం తెలుగులో పుస్తకం వ్రాశారు. ఒక మనిషి ఆయుర్దాయం చాలని పనిని ఇప్పుడు అనేకులు తలా ఒక వాక్యం చొప్పున మోస్తున్నారు.

ఇక మీరు పాటించవలసినవి చెబుతాను. ఆరోగ్య వ్యాసం చదివేటప్పుడు వాక్యం చివర చిన్న అంకె ఉన్నదా అని చూడండి. అది నొక్కి ఆధారం ఏమిటో, ఏ సంవత్సరానిదో గమనించండి. "ఆధారం చూపాలి" అన్న ముద్ర ఉన్న వాక్యాన్ని నమ్మి మందు మార్చుకోకండి, మానకండి. చరిత్ర మీట నొక్కి చివరిసారి ఎప్పుడు దిద్దారో చూడండి. సందేహం ఉంటే చర్చాపేజీలో అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, విజ్ఞాన సర్వస్వం మీ జబ్బును అర్థం చేసుకోవడానికి. మీకు మందు వ్రాయడానికి కాదు. ఈ మాట వికీపీడియాయే స్పష్టంగా చెబుతుంది. మోతాదు మీ వైద్యుడే చెప్పాలి.

నా తోటి విశ్రాంత వైద్యులకు, నర్సు సోదరీమణులకు, ఫార్మసిస్టులకు ఒక విన్నపం. వారానికి ఒక గంట చాలు. మీకు బాగా తెలిసిన ఒక్క వ్యాధిని తీసుకోండి. పాఠ్యగ్రంథం తాజా ముద్రణ పక్కన పెట్టుకోండి. పల్లెలో అమ్మకు అర్థమయ్యే తెలుగులో నాలుగు వాక్యాలు వ్రాసి, ఆధారం చూపండి. ఎవరైనా మిమ్మల్ని ఆధారం అడిగితే నాలాగా కోపగించుకోకండి. మనం హౌస్ సర్జన్లుగా ఉన్నప్పుడు వార్డు రౌండులో ప్రొఫెసరు గారు "ఏ ఆధారంతో అంటున్నావోయ్?" అని అడిగితే బుద్ధిగా చెప్పలేదూ? ఇప్పుడు అడిగేవాడు మనవడి వయసు వాడు, అంతే తేడా.

ఇంతకూ ఓ.ఆర్.ఎస్. సంగతి పూర్తి చేయాలి. బజారులో లీటరు నీటికి సరిపడే పెద్ద పొట్లాలు ఉన్నాయి, 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్నవీ ఉన్నాయి. పొట్లం మీద ఎన్ని నీళ్లని ఉంటే సరిగ్గా అన్నే నీళ్లు, కాచి చల్లార్చినవి, కొలిచి పోయండి. మొత్తం పొట్లం ఒకేసారి కలపండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. పొట్లం దొరకకపోతే లీటరు నీటిలో తలకొట్టిన చిన్న చెంచాలతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. అంతకంటే ఎక్కువ ఉప్పు వద్దు. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, మలంలో రక్తం పడుతున్నా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

నా పేరాలో ఇప్పుడు "ఒక లీటరు" అన్న మాట స్పష్టంగా ఉంది, దాని పక్కన ఆధారమూ ఉంది. ఆనాడు ఆ తల్లికి చదువు రాదు. నేడు ఆమె మనుమరాలు ఫోనులో తెలుగు చదవగలదు. ఆమెకు ఆ మాట దొరికితే చాలు.

మరొకసారి కలుద్దాము. అందరూ ఆరోగ్యంగా ఉండండి.