నాకూ మా అమ్మాయికీ ఒకే రైఫిల్

షాపాయన రైఫిల్ చేతికివ్వగానే మా అమ్మాయి నడుము వెనక్కి వంచేసింది. బరువు మొయ్యలేక కాదు, చెయ్యి అందక. "బాగుంది నాన్నా" అంటోంది పైకి. బాగాలేదని ఇద్దరికీ తెలుస్తూనే ఉంది.

మేముండేది టెక్సస్‌లో. అమ్మాయికి 12 ఏళ్లు. ఇక్కడ పిల్లలకు ఫోర్-హెచ్ అని క్లబ్బులుంటాయి. కోళ్ల పెంపకం నుంచి తుపాకీ గురి దాకా నేర్పుతారు. ఓ ఏడాది వెళ్లొచ్చి, "మనిద్దరికీ కలిపి ఒకటి కొందాం" అని పట్టుబట్టింది. హెచ్1బీ వీసా మీద ఉన్నన్నాళ్లూ తప్పించుకోవడం తేలిక. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప ఆ వీసాతో తుపాకీ పెట్టుకోకూడదు. గ్రీన్‌కార్డ్ వచ్చింది, నా సాకు పోయింది.

నిజం చెప్పాలంటే నా మనసు 9 ఎంఎం కార్బైన్ మీద ఉంది. కార్బైన్ అంటే ఏం లేదు, గొట్టం పొట్టిగా ఉండే రైఫిల్. పొట్టిదే కదా, పిల్లకీ సరిపోతుందనుకున్నా. కానీ పిల్లలకు ఇబ్బంది ముందున్న గొట్టంతో కాదు, వెనకున్న కర్రతో. భుజానికి ఆనే చోటు నుంచి ట్రిగ్గర్ దాకా పెద్దవాళ్ల రైఫిళ్లలో 13.5 అంగుళాలు అటూఇటుగా ఉంటుంది. చెయ్యి అందకపోతే మెడ సాగుతుంది, నడుము వంగుతుంది, ఇక గురేం కుదురుతుంది?

తర్వాత రూగర్ 10/22 చూశాం. 1964 నుంచి వస్తున్న మోడల్. పాయింట్ 22 తూటా కాబట్టి భుజానికి దెబ్బ దాదాపు తెలీదు. అయితే ఒకటి పేల్చగానే ఇంకోటి దానంతటదే లోపలికి ఎక్కుతుంది. నేర్చుకునే పిల్ల చేతిలో అది నాకు నచ్చలేదు. బోల్ట్ రైఫిల్ అడిగా.

"దాని పిడి కుడివైపుంటుంది నాన్నా. నాది ఎడమ భుజం" అంది.

కుడిచేత్తో రాసే పిల్లకి ఎడమ భుజమేంటి? నవ్వి నాకే పరీక్ష పెట్టింది. మీరూ చేసి చూడండి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లతో దూరంగా ఉన్న గడియారాన్ని చూడాలి. తర్వాత ఒక్కో కన్నూ మూయాలి. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉంటుందో, అది గురి కన్ను. దానిది ఎడమది. కోచ్ మొదటిరోజే కనిపెట్టారట. ఏడాదిగా కార్లో దింపి వస్తున్న నాకే తెలీదు.

చివరికి లీవర్ రైఫిల్ తీసుకున్నాం, పిల్లల సైజుకి దగ్గరగా ఉన్న పాయింట్ 22. ట్రిగ్గర్ కింది కడ్డీని దించి ఎత్తితేగానీ తర్వాతి తూటా ఎక్కదు. కుడైనా ఎడమైనా ఒకటే. (1971 నాటి 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణగారు కళ్లముందు మెదిలారు. అమ్మాయికి చెప్తే "ఎవరు?" అంది.) కర్ర నాకు పొట్టి. వెనక రబ్బరు తొడుగు తగిలిస్తే అంగుళం దాకా పెరుగుతుంది. పొట్టిదాన్ని సాగదీయొచ్చుగానీ పొడుగుదాన్ని రంపం లేకుండా తగ్గించలేం కదా!

18 ఏళ్లు నిండనివాళ్లకు షాపులు రైఫిల్ అమ్మకూడదు. ఫారం 4473 నా పేరు మీదే నింపా. ఇంటికొచ్చాక మా ఆవిడ రూలు: రైఫిల్ ఒక లాకర్లో, తూటాలు ఇంకోదాంట్లో, కోడ్ పెద్దవాళ్లిద్దరికే.

"మరి ఇద్దరిదీ ఎలా అవుతుంది?" అమ్మాయి మూతి ముడుచుకుంది.

"నువ్వు లేకుండా నేనూ రేంజికి వెళ్లను" అన్నా.

"ప్రతి శనివారం?"

"ప్రతి శనివారం."

ఈ శనివారం ఆఫీసులో నాకు ఆన్‌కాల్ పడింది. దానికింకా చెప్పలేదు.