సంది వంటిల్లు

బోధన్‌లో మా ఇంటి వంటిల్లు వెడల్పు 6 ఫీట్ల 1 అంగుళం, పొడవు 13 ఫీట్లు. సివిల్ మూడో ఏడాదికి వచ్చినప్పటి నుంచి సెలవులకు ఇంటికి పోతే టేపు పట్టుకొని తిరగడం నాకు అలవాటు. అందుకే ఈ లెక్క అంగుళం తేడా లేకుండా చెప్పగలను. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం, భోజనానికి వేరే చోటు ఉన్న ఇంట్లో వంటగది కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 5 చదరపు మీటర్ల విస్తీర్ణం ఉండాలి. మాది 1.85 మీటర్లు. పాసే, కానీ మన ఎం-3 పేపర్ పాసైనట్టు పాస్.

ఇట్లాంటి వంటింటిని ఇంగ్లీషులో గ్యాలీ కిచెన్ అంటారు. గ్యాలీ అంటే ఓడలో వంట చేసే చోటు. రెండు గోడల మధ్య సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఈ సంగతి మా బాపమ్మకు గొప్పగా చెప్తే "గ్యాలీ ఏందిరా, గల్లీ అను. మనది సంది" అని తేల్చేసింది. అప్పటినుంచి ఇంట్లో దానికి సంది అనే పేరే ఖాయమైంది.

సందిగా పుట్టలేదు అది. మా తాత, ఆయన తమ్ముడు ఇల్లు పంచుకున్నప్పుడు పొడవునా మధ్యలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ లేపారు. ఆ గోడ వంటింట్లో నుంచి కూడా పోయింది. అంటే ఒకప్పుడు పన్నెండున్నర ఫీట్ల వెడల్పున్న వంటింట్లో మాకు మిగిలింది సగం. అవతలి సగం చిన్న బాపమ్మ వాళ్లది. వాళ్ల కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో మాకు తెలుస్తుంది, మా ఇంట్లో పోపు మాడితే వాళ్లకు తెలుస్తుంది. మాటలు మాత్రం పెళ్లిళ్లల్లో, పండుగలకే.

ఈ ఏడాది అమ్మ చిట్టీ ఎత్తింది. 1,20,000. దాంతో వంటిల్లు బాగు చేయించాలని అమ్మ పట్టు. ఇన్నాళ్లూ మా స్టవ్ 10 అంగుళాల ఎత్తు గద్దె మీద ఉంది. అమ్మ కూర్చొని వండుతుంది, లేస్తుంది, వంగుతుంది, మళ్లీ కూర్చుంటుంది. "వంగి వంగి నడుం ఇరిగిపోతుంది, నిలవడి వండుకునేటట్టు చెయ్యిండ్రి" అంటుంది. బాపమ్మది దానికి సరిగ్గా ఉల్టా. ఆమె పొద్దుటి పూట జొన్నరొట్టె చేయకుండా ఉండలేదు. నిజామాబాద్‌లో ఎముకల డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు, ఎక్కువసేపు నిలబడొద్దనీ అన్నాడు. మరి రొట్టె ఎట్లా? "నిలవడి రొట్టె కొడితే అది రొట్టెనా బిడ్డా, అప్పడమైతది" అంటుంది. మాట వింటే నవ్వొస్తుంది గానీ అందులో మెకానిక్స్ ఉంది. రొట్టె తట్టేటప్పుడు భుజం బరువు అరచేతి మీదికి దిగాలి. పీట మోచేతి కన్నా బాగా కిందికి ఉంటేనే అది కుదురుతుంది. కూరగాయలు కోసే ఎత్తులో రొట్టె తట్టితే భుజాలు లాగేస్తాయి.

బాపుకు ఈ గొడవ పట్టదు. హైదరాబాద్‌లో చుట్టాలింట్లో మాడ్యులర్ కిచెన్ చూసొచ్చాడు, అదే కావాలి. ఆయన మాట తీసెయ్యకుండా ఒకరోజు ఇద్దరం బస్సెక్కి ఎడపల్లి, జానకంపేట మీదుగా నిజామాబాద్ పోయి ఒక షోరూంలో కూర్చున్నాం. వాళ్లు పది నిమిషాల్లో త్రీడీ బొమ్మ తీసి చూపించారు. రెండు వైపులా 24 అంగుళాల గద్దెలు, పైన మెరిసే అల్మారాలు. ధర 2,35,000. ధర పక్కన పెట్టండి. 73 అంగుళాల వెడల్పులో రెండు 24లు తీసేస్తే మనిషి నడవడానికి మిగిలేది 25 అంగుళాలు. రెండు వైపులా గద్దెలున్నప్పుడు మధ్యలో ఒకరు వండితే 42 అంగుళాలు, ఇద్దరు వండితే 48 ఉండాలని అమెరికా డిజైనర్ల సంఘం లెక్క. మన ఇళ్లల్లో అంత రాదు, సరే. కానీ 25లో అమ్మ కింది డ్రాయర్ లాగి తెరిస్తే తను నిలబడే చోటు ఉండదు. పైగా మా ఇంట్లో బాత్రూం, జాలారి అన్నీ వెనక ఉన్నాయి. వంటింట్లో నుంచే పోవాలి. బొమ్మలో మనుషులు లేరు కాబట్టి అందంగానే ఉంది.

ఆ తర్వాత చదివినవాటిలో నన్ను పట్టేసింది ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్. 1926లో మార్గరెటె షుటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ జర్మనీలో మామూలు కుటుంబాల ఇళ్ల కోసం డిజైన్ చేసింది. దాని కొలత చూసి కుర్చీలోంచి లేచాను. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. మా సందికి అక్క వరస! రైలు డైనింగ్ కారులోని వంటగదిని చూసి, ఏ పనికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కగట్టి ఆమె ఇది గీసింది. బియ్యానికి, చక్కెరకు పేర్లు చెక్కిన అల్యూమినియం డబ్బాలు, పురుగు పట్టకుండా పిండికి ఓక్ చెక్క డబ్బా, ఈగలు వాలవన్న నమ్మకంతో నీలం-ఆకుపచ్చ రంగు. అట్లాంటివి దాదాపు 10,000 కట్టారు. తర్వాత ఆమె నాజీలకు వ్యతిరేకంగా పనిచేసి జైలుకు పోయింది, బయటికొచ్చి 2000 సంవత్సరం దాకా, నూట మూడుకు దగ్గరపడే వయసు వరకు బతికింది. ఈ డిజైన్ చేసేనాటికి తనకు వంట అలవాటే లేదని ఆమే చెప్పుకుంది.

నాకు పనికొచ్చింది రంగు కాదు, స్టూలు. కిటికీ దగ్గర ఒక పని బల్ల, దాని ముందు తిరిగే స్టూలు. కొన్ని పనులు కూర్చొనే చేయాలని వందేళ్ల కింద ఆధునిక వంటగదిని కనిపెట్టిన మనిషే అనుకుంది. మన దగ్గర మాత్రం కూర్చొని వండడం పాతకాలం, నిలబడి వండడం నాగరికత అని ఎట్లా స్థిరపడిందో తెలియదు. ఇంకోటి కూడా చెప్పాలి. ఆ వంటిల్లు ఒక్క మనిషికే సరిపోతుందని, ఆడవాళ్లను ఒంటరిగా లోపల కూర్చోబెట్టిందని తర్వాత చాలామంది విమర్శించారు. అది నిజమే అనిపించింది. మా ఇంట్లో రొట్టె ఇద్దరి పని. బాపమ్మ తట్టాలి, అమ్మ కాల్చాలి.

ఇక్కడ మా తాత సంగతి రావాలి. ఆయన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పాన్ హౌస్‌లో పనిచేసి రిటైరయ్యాడు. మంజీరా మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లతో చెరుకు, ఆ చెరుకుతో 1937లో ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరు నుంచి మూతపడే ఉంది. చెరుకు తోటలు చాలామటుకు వరి మడులైపోయాయి. మా తరం వాళ్లకు బోధన్ అంటే చెరుకు ట్రాక్టర్ల వరస గుర్తురాదు, తుప్పు పట్టిన చిమ్నీ గుర్తొస్తుంది.

తాత ఫ్యాక్టరీని ఒకే మాటలో చెప్పేవాడు: "చెరుకు ఎనకకు నడవది." ఒక కొసన గడ లోపలికి పోతే, మిల్లులో రసం, తర్వాత సున్నంతో తేరడం, ఎవాపరేటర్లలో చిక్కబడడం, పాన్‌లో పలుకు కట్టడం, సెంట్రిఫ్యూగల్‌లో మొలాసిస్ విడిపోవడం, ఇంకో కొసన సంచి. పిప్పి ఒక్కటే వెనక్కి వస్తుంది, బాయిలర్‌లో మండడానికి. మేం దీన్ని ప్రొడక్ట్ లేఅవుట్ అని సెమిస్టర్‌కు రెండు మార్కుల ప్రశ్నగా రాస్తాం. పొడుగాటి వంటింటికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. ముందు దర్వాజ దగ్గర ఫ్రిజ్, బియ్యం; తర్వాత సింకు; తర్వాత కోసుకునే చోటు; తర్వాత స్టవ్. సామాను ఒకే దిక్కు నడవాలి. మా ఇంట్లో ఇప్పుడు బియ్యం ముందర, నీళ్లు వెనక, స్టవ్ మధ్యలో. అన్నం ఒక్కటి వండడానికే అమ్మ ఎన్నిసార్లు ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతుందో ఒక పూట కూర్చొని లెక్కపెట్టాను. 19 సార్లు.

ఇక నా ప్లాన్. తూర్పు గోడ పాతది, మందంగా ఉంటుంది. అసలు గద్దె దానికే, లోతు 24 కాదు, 22 అంగుళాలు. రెండు బర్నర్ల స్టవ్‌కు అది చాలు. అమ్మ తూర్పుకు మొహం పెట్టి వండుతుంది, స్టవ్ ఆగ్నేయం దిక్కే ఉంటుంది కాబట్టి వాస్తు వాళ్లూ నోరెత్తరు (ఎత్తినా కొత్త మూల ఎక్కడి నుంచి తేను?). ఎత్తు కోసం అమ్మను గోడకు నిలబెట్టి మోచెయ్యి కొలిచాను. 36 అంగుళాలు. అందులో 5 తీసేస్తే 31. షోరూం వాళ్లు అందరికీ 34 పెడతారు. అమ్మ ఎత్తు 4 ఫీట్ల 11 అంగుళాలు, అందరిలో ఆమె లేదు.

పడమటి గోడ పంపకాల గోడ. దానికి బరువైన అల్మారాలు బోల్టులతో వేలాడదీస్తే నాలుగున్నర అంగుళాల ఇటుక ఎన్నాళ్లు ఆగుతుందో నాకు అనుమానం. అందుకే కింది నుంచి కడప బండల నిలువు కాళ్లు, వాటి మీద 12 అంగుళాల అరలు. బరువు గోడకు కాదు, నేలకు పోతుంది. నేల షాబాద్ బండలు, ఇంకో తరానికి ఢోకా లేదు. టైల్స్ తూర్పు గోడకే, వాటికి 1 అంగుళం పోతుంది. అప్పుడు నడవడానికి 38 అంగుళాలు మిగులుతాయి.

వెనక కిటికీ దగ్గర అరలు ఆపేసి, అక్కడ బాపమ్మ బండ. 22 అంగుళాల ఎత్తు, 20 లోతు, కింద మోకాళ్లు పెట్టుకోవడానికి ఖాళీ, కూర్చోవడానికి 14 అంగుళాల స్టూలు. తట్టిన రొట్టె చేతితో ఎత్తి ఇస్తే అమ్మ అందుకొని పెనం మీద వేయాలి. స్టవ్ సరిగ్గా ఎదురుగా పెడితే ఇద్దరి వీపులు తగులుకుంటాయి. అందుకని స్టవ్‌ను రెండు ఫీట్లు ముందుకు జరిపాను. అమ్మ నిలబడేది 38 అంగుళాల చోట, బాపమ్మ కూర్చునేది 30 అంగుళాల చోట. సిలిండర్ వెనక తలుపు పక్కన నిలువుగా, నేల మీద, స్టవ్ కన్నా కింద, ఎదుట జాలీతో. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే కిందనే పేరుకుంటుంది, మూసిన అల్మారాలో పెట్టొద్దు. కిటికీ చిన్నది. పక్కన తలుపు ఉంది కాబట్టి వెడల్పు చేయలేం, ఎత్తు 2 ఫీట్ల నుంచి నాలుగున్నరకు పెంచుతున్నాం, తలుపు మీద వెంటిలేటర్ ఒకటి. కోడ్ అడిగే 1 చదరపు మీటరుకు మూడు పాయింట్లు తక్కువ.

తేలనిది ఒకటుంది. బాపమ్మ స్టూలు మీద కూర్చుంటే వెనక్కి పోయే దారి 16 అంగుళాలే. పొద్దున ఆరున్నర నుంచి ఏడు దాకా బాత్రూంకు దారి బంద్. బాపుకు ఇది చెప్పడానికి రెండు రోజులు పట్టింది. బాపమ్మ మాత్రం "ఆగుతరు తియ్, యాడికి పోతరు" అంది. ఇంకో దారి నాకు దొరకలేదు. దొరికినా వాడతానో లేదో. అరగంట ఆగడం రొట్టెకు పెద్ద ధర కాదని నా లెక్క. మీలో ఎవరికైనా మంచి ఉపాయం తడితే చెప్పండి.

డబ్బు లెక్క: బండలు, గ్రానైట్, టైల్స్ 38,000; మేస్త్రి కూలీ 30,000; నల్లా, సింకు 14,000; కరెంటు పని, ఎగ్జాస్ట్ ఫ్యాన్ 9,000; కిటికీ, తలుపు 16,000. మొత్తం 1,07,000. మిగిలిన 13,000 మిగులు కాదు, పాత గోడ తవ్వితే ఏం బయటపడుతుందో దానికి.

గోడ గిలాబు కొట్టేయాలంటే అవతలి వాళ్లకు చెప్పాలి. దెబ్బలకు వాళ్ల దిక్కు కూడా పెచ్చులు ఊడతాయి. బాపు పోనన్నాడు. అమ్మే పోయి "చిన్నత్తమ్మా, గోడ గిలాబు తీపిస్తున్నం, జర చూసిపో" అని పిలుచుకొచ్చింది. చిన్న బాపమ్మ వంటింట్లోకి వచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బాపమ్మ స్టూలు జరిపి కూర్చోమంది. ఆమె కూర్చోకుండా గోడ అడుగున ఒక చోట కాలి బొటనవేలితో చూపించింది. "అక్కా, మన పొయ్యి గీడనే ఉండె. గోడ దాని మీదికెళ్లే పోయింది." బాపమ్మ "అవ్, నువ్వు తట్టేదానివి, నేను కాల్చేదాన్ని" అంది. ఇన్నేళ్లలో ఆ మాట మాకెవరికీ చెప్పలేదు.

పోతూ పోతూ చిన్న బాపమ్మ, పనోళ్లు వచ్చినప్పుడు తమ దిక్కు గిలాబు కూడా చేయించమంది, సిమెంటు తనే తెప్పిస్తుందట. మేస్త్రి దానికి రెండు రోజుల కూలీ ఎక్కువ అవుతుందన్నాడు. దాన్ని ఆ 13,000లో రాశాను. పని దీపావళి తర్వాత మొదలు. అన్ని రోజులూ మా వంట ఎక్కడ అన్నది అమ్మ అప్పుడే తేల్చుకొచ్చింది: గోడకు అవతల.