కొట్టివేసిన 49

మేము వృత్తిచేత భాషోపాధ్యాయులము. చదివినది సంస్కృతము, ఇంగ్లీషు. విజ్ఞానశాస్త్రముతో మాకు గల చుట్టరికము చిన్ననాటి రేడియో మరమ్మతు పిచ్చి యొక్కటియే. అయినను మా పాఠశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయుని పదవి యేడాదికి పైగా ఖాళీగా నుండుటచేత, ఆ పిచ్చినే యోగ్యతగా నెంచి, ప్రధానోపాధ్యాయులు పదవతరగతి ప్రయోగముల గంటను మాకప్పగించిరి. మేము సంతోషముతోనే యొప్పుకొంటిమి. ఆ సంతోషములో మేము చేసిన తప్పు నొకదానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

పట్టణములోని పాతయినుప కొట్టున నొక ఫ్రీక్వెన్సీ కౌంటరు దొరికినది. ఏదో కళాశాలవారు పారవేసినది. కొట్టువాడు దానిని తూచి, బరువునకే వెల కట్టెను. ముందువైపున ఎనిమిది గాజుగొట్టములు, ఒక్కొక్కదానిలో 0 మొదలు 9 వరకు సన్నని తీగతో మలచిన అంకెలు, వెలిగిన యంకె మాత్రము నారింజరంగున నిప్పుకణికవలె కనబడును. వీనిని నిక్సీ గొట్టములందురు. 1950లలో వచ్చిన యీ దీపములు తరువాతి తరమువారికి వింతవస్తువులైనవి. లోపల ఎండిపోయిన కెపాసిటర్లు రెండు మార్చి, దుమ్ము దులిపి, మేము దానిని బడికి మోసికొనిపోయితిమి.

ఈ యంత్రము చేయు పని చెప్పుటకు సులభము. ఒక విద్యుత్తరంగము సెకనుకు ఎన్నిమారులు ఎగిరి దిగునో, అనగా దాని పౌనఃపున్యమెంతో, లెక్కించి చెప్పును. 1951లో అమెరికాలో హ్యూలెట్-ప్యాకార్డ్ వారు సెకనుకు కోటి తరంగముల వరకు నేరుగా లెక్కించు 524ఏ అను యంత్రమును ప్రకటించిరి. మాది ఆ వంశములో మునిమనుమని వరుస కావలెను.

గోడలోని కరెంటు పౌనఃపున్యము 50 హెర్ట్జులని పాఠ్యపుస్తకములో నున్నది. దానిని పిల్లలు కన్నులార చూతురుగాక యని, గోడకరెంటును చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో ఆరు వోల్టులకు దించి (గోడకరెంటును యంత్రమునకు నేరుగా తగిలింపరాదు, మనుష్యునకును తగిలింపరాదు), యంత్రమునకు కలిపి, నలువది మారులు చూచి వ్రాయుడని చెప్పితిమి. కొంతసేపటికి ముందుబల్ల పిల్ల యొకతె రికార్డు పట్టుకొని వచ్చెను.

“మాస్టారండీ, అన్నిసార్లూ యాభై వస్తోంది గానీ రెండుసార్లు నలభైతొమ్మిది వచ్చిందండీ. ఏది రాయమంటారు?”

“యంత్రం పాతదమ్మా. యాభై అని రాసి, ఆ రెండూ కొట్టెయ్యి.”

పిల్ల కొట్టివేసెను. మేము ఎర్రసిరాతో సంతకము చేసి తేదీ వేసితిమి. ప్రయోగశాలలలో ఈ నాటకము ఎన్నియేండ్లుగా నడచుచున్నదో చదువరులకు తెలియనిది కాదు. ఫలితము ముందే తెలిసియుండును. పరిశీలన దానికి తగినట్లు తరువాత పుట్టును. ఇతరుల విషయమున ఈ యాచారమును ఎన్నిమారులో దూషించిన మేము, మా వంతు వచ్చినప్పుడు రెప్పవేయకుండ దానినే చేసితిమి.

ఆ రాత్రి యంత్రము నింటికి తెచ్చి, తీరికగా ఆలోచింపగా, పాతదనము మాటలో నిజము లేదని తెలియవచ్చినది. యంత్రములో నొక తలుపున్నదనుకొనుడు. అది సరిగా ఒక సెకను తెరచియుండును. ఆలోపల గడప దాటిన తరంగములు లెక్కకు వచ్చును. తలుపు తెరచునప్పుడొకటి, మూయునప్పుడొకటి గడపమీదనే నిలిచియుండవచ్చును. సగము మనిషిని లెక్కించుట యంత్రమునకు చేతకాదు. కావున కడపటి యంకెలో ఒకటి హెచ్చుటయో తగ్గుటయో యెంత కొత్త యంత్రమునకైనను తప్పదు. సెకనుకు కోటి తరంగముల రేడియో సంకేతమును లెక్కించునప్పుడు కోటిలో ఒకటి యెవరికి పట్టును? కాని యేబదిలో ఒకటి యన్న నూటికి రెండు. నూటికి రెండు వడ్డీకి అప్పు తెచ్చుకొన్నవాడెవడును దానిని స్వల్పమనడు.

అంతకంటె మమ్ము నిలువునా నిలిపిన విషయము మరియొకటి. అసలు పౌనఃపున్యము 49.95 అయినచో ఆ తలుపు ఏమి చూపవలెను? నూరుమారులు తెరచిన, దాదాపు తొంబదియైదు మారులు 50, అయిదు మారులు 49 చూపవలెను. నలువది మారులకు రెండు. ఆ పిల్ల చూచినది సరిగా అంతే! నలువది చాల కొద్ది గనుక ఆ సగటు 0.03 వరకు అటునిటు కావచ్చును. అయినను ముప్పదియెనిమిది యేబదులు పాఠ్యపుస్తకములోని మాటను తిరుగ నప్పగించినవే గాని, కొత్తమాట చెప్పినవి ఆ రెండు నలువదితొమ్మిదులే. మేము కొట్టింపించినది వానినే.

నిశ్చయము తెలిసికొనవలెనని తోచినది. తలుపును పది సెకనులు తెరచియుంచు మీట యున్నది. దానిని వేయగా 499, 500 అని మారుచుండెను. అనగా ఇప్పుడు హెర్ట్జులో పదవవంతు వరకు తెలియును. ఇంకను సూక్ష్మత కావలెనన్న నూరు సెకనులు, ఆపైన వేయి సెకనులు కాచుకొనవలెను. ఇది దారి కాదు.

దారి తలక్రిందు చేయుటలో నున్నది. గడియారమను మాటకు మూలమైన ఘటికను తలచుకొనుడు. అడుగున చిల్లిగల గిన్నెను నీటిలో వదలుదురు. అది నిండి మునుగుటకు ఒక గడియ, అనగా 24 నిమిషములు. గిన్నె యెన్నిమారులు మునిగెనో లెక్కించినచో మిగిలిన సగము గడియ సంగతి తెలియదు. గిన్నె ఒక్కమారు మునుగులోపల వేగముగా నడచు మరియొకదానిని లెక్కించినచో తెలియును. విఘటిక యనగా అరువది గుర్వక్షరముల కాలమని ఆర్యభటీయము చెప్పుచున్నది. పెద్దకాలమును చిన్నయక్షరములతో నింపి కొలుచుట యన్నమాట. (దీనినిబట్టి మన పూర్వులకు ఫ్రీక్వెన్సీ కౌంటరు తెలియునని చెప్పువారు లేకపోరు. మేము ఆ గుంపులో చేరము.)

యంత్రమునకును ఈ యుపాయము తెలియును. దాని లోపలి స్ఫటికము సెకనుకు కోటిమారులు కొట్టుకొనును. ఆవర్తనకాలము మీట వేసినచో, గోడకరెంటు తరంగమే తలుపగును, స్ఫటికపు దెబ్బలు లోపలికి పోవు జనమగును. ఒక్క తరంగమునకు 0.02 సెకను, అందులో సుమారు 2,00,000 దెబ్బలు పడును. ఇప్పుడు ఒకటి తప్పినను రెండులక్షలలో ఒకటి! కాచుకొనవలసినదో, రెప్పపాటు. నూరు తరంగములను కలిపి కొలిచి సగటు చూపు మీటయు నున్నది. దానిని వేయగా, రెండు సెకనులలో ఎనిమిది గొట్టములును వెలిగి 20.013862 మిల్లీసెకనులని చూపెను. భాగహారము చేయగా 49.9654 హెర్ట్జులు. ఒక సెకనులో 50 అని మాత్రము చెప్పిన పెట్టె, రెండు సెకనులలో ఇంత చెప్పెను. సెకను తలుపుతో చూచునప్పుడు, ఈ యంత్రమున సుమారు 3,162 హెర్ట్జులకు దిగువ నున్నదానినెల్ల ఇట్లు తిరుగవేసి కొలుచుటయే మేలు. ఎగువ నున్నవానికి నేరులెక్కయే మేలు.

అంకెలు వచ్చినవి గాని మొదట నిలుకడ లేదు. భయముచేత మేము సంకేతమును నూరవవంతునకు తగ్గించు మీట వేసియుంటిమి. తరంగము సున్నను దాటు క్షణమున యంత్రము తలుపు తీయును. ఆ దాటుట ఎంత నిట్టనిలువుగా నున్న అంత మంచిది; వాలుగా నున్నచో లోపలి సన్నని రొద తలుపును ముందువెనుకలుగా లాగును. ఊయల చివరలో ఆగినట్లుండి, నడుమ అడుగుభాగమున వడిగా పోవును గదా. ఊయల యెప్పుడు దాటెనో చెప్పుటకు నడుమ చూచినవాడే సరిగా చెప్పగలడు. మీటను పదవవంతునకు మార్చి, ట్రిగ్గరు సున్నకు సరిపెట్టగా, అంకెల పిచ్చిగంతులు తగ్గి, అవి యొకదిక్కుగా మెల్లగా నడువసాగెను.

అంతలో వంటింట మా గృహిణి మిక్సీ వేసెను. నేరులెక్కలో ఏబది యుండవలసిన యంకె అరువది దాటినది! మోటారు నిప్పురవ్వలు తీగవెంట వచ్చి తరంగములలో కలిసి లెక్కకెక్కినవి. “పచ్చడి రుబ్బితే దేశమంతా కరెంటు మారిపోతుందా?” అని ఆమె యడిగినది న్యాయమైన ప్రశ్నయే. 10 కిలో ఓముల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడు కెపాసిటరు దారిలో పెట్టగా దొంగలెక్క పోయినది. పచ్చడియు నిర్విఘ్నముగా సాగెను.

ఇంకను లోభము పుట్టి పదివేల తరంగముల సగటు వేసితిమి. 200 సెకనులు కాచుకొనవలెను. లెక్క రెండువందల కోట్లు దాటును గనుక ఎనిమిది గొట్టములు చాలక మొదటి రెండంకెలు జారిపోవును. అవి 20 అని మనకు ముందే తెలియును గనుక నష్టము లేదు. కాని ఇంతచేసి లాభము లేకపోయెను. కొలవబడు వస్తువే ఆ మూడు నిమిషములలో నిలిచియుండలేదు.

ఎక్కువ యంకెలు కనబడినంతమాత్రమున అవి నిజమగునా యన్న సందేహమును విడువరాదు. కొలుచు స్ఫటికమే తప్పినచో ఎనిమిది యంకెలును చక్కగా కలిసికట్టుగా తప్పును. యంత్రమును రెండుగంటలు వెలుగనిచ్చి, ఉపగ్రహముల కాలమునందుకొను జీపీఎస్ పెట్టె యిచ్చు సెకను దెబ్బలతో సరిచూచితిమి. సెకనుకు 1,00,00,000 రావలసినచోట 1,00,00,027 వచ్చెను. మా స్ఫటికము పదిలక్షలలో 2.7 వంతు తొందరపడుచున్నది. గోడకరెంటు విషయమున ఇది హెర్ట్జులో పదివేలవవంతును కొంచెము దాటునంతే. యంత్రముమీద మేము వేసిన నింద దీనితో పూర్తిగా పోయినది.

మరి ఆ 49 ఎక్కడిది? దేశములో వాడకము ఉత్పత్తిని మించినప్పుడు జనరేటర్ల వేగము రవంత తగ్గును, పౌనఃపున్యము దిగును. వాడకము తగ్గిన నెక్కును. 49.90 నుండి 50.05 లోపల నుంచవలెనని గ్రిడ్డు నియమము. 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తరదేశము చీకటిలో మునిగినప్పుడు మన దక్షిణపు గ్రిడ్డు వేరులయతో నడచుచుండుటచేత తప్పించుకొన్నది. 2013 డిసెంబరు 31న అదియు కలిసెను. అప్పటినుండి మా బడిగోడలోని తీగకును ఢిల్లీలోని తీగకును లయ యొక్కటే. పదిహేనేండ్ల పిల్ల పాతపెట్టె ముందు కూర్చుండి, ఆ గంటలో దేశపు గ్రిడ్డు ఏబదికి రవంత దిగువన నడచుచున్నదని వ్రాసికొనగా, తప్పని చెప్పి చెరిపించినవారము మేము.

మరునాడు తరగతిలో, అందరి యెదుటనే, తప్పు మాదని చెప్పి, ఆ రెండంకెలను మరల వ్రాయుమంటిమి. పిల్లలు ఒకరిమొగ మొకరు చూచుకొనిరి. మాస్టారు ఇట్లు చెప్పుట వారికి కొత్త. ఆ పిల్ల మాత్రము లేచి, రికార్డు చివరిపుట తిప్పి చూపెను. నలువది పఠనములును వచ్చిన వరుసలోనే పెన్సిలుతో వ్రాసియున్నవి. ఏడవది, ముప్పదియొకటవది 49.

“మీరు కొట్టెయ్యమన్నారు గదండీ. ఇక్కడివి చూడలేదు గదా అని ఉంచానండి.”

ఆ పుటక్రింద మరల సంతకము చేసితిమి. ముందరి పుటలోని ఎర్రసిరా సంతకము అట్లేయున్నది, దానిని కొట్టివేయలేదు.